ముగ్గురికి ఒక్క పలక చాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను మార్కాపురం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌ని. మా బడిలో 280 మంది పిల్లలున్నారు. ఎనిమిదిలో 46 మంది, తొమ్మిదిలో 41 మంది. ఎనిమిదో తరగతిలో పన్నెండు మందికి ఇంగ్లిష్ వాక్యం కూడబలుక్కుని చదవడం కూడా కష్టమే. ఇంకో పది మంది నేను పాఠం మొదలుపెట్టేలోపే చదివేసి దిక్కులు చూస్తూ కూర్చుంటారు. అందరికీ ఒకే పాఠం ఒకేలా చెప్పి లాభం లేదని, చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి నేర్పాలని ఈ ఏడాది అనుకున్నాను. హెచ్ఎం గారు వాడకంలో లేని పాత కంప్యూటర్ గదిని ఇంగ్లిష్ కోసమే ఇచ్చారు. వెడల్పు 18 అడుగులు, పొడవు 24 అడుగులు. ముగ్గురేసి కూర్చునే ఇనుప డెస్కులు 16 ఉన్నాయి. పాత విద్యార్థులు 60,000 రూపాయలు ఇస్తామంటున్నారు. ఒంగోలులో ఒక ఫర్నిచర్ షాపువాళ్ళు ఎటంటే అటు కలుపుకునే రంగురంగుల టేబుళ్ళు ఎనిమిది, కుర్చీలు 48, మినీ వైట్ బోర్డులు కలిపి 1,35,000కి కొటేషన్ ఇచ్చారు. మిగతా డబ్బు ఎలా తేవాలో తెలియడం లేదు. సగం టేబుళ్ళతోనైనా మొదలుపెట్టమంటారా? నెలాఖరులోగా ఆర్డర్ ఇవ్వాలి. కాస్త టెన్షన్‌గా ఉంది. సలహా ఇవ్వగలరు.

సమాధానం:

టీచర్ గారూ, ముందు ఆ షాపువాళ్ళకి ఫోన్ చేసి ఇప్పుడే వద్దని చెప్పేయండి. సగం కూడా వద్దు. నాలుగు టేబుళ్ళు కొన్నారనుకోండి, 24 మంది రంగు టేబుళ్ళ దగ్గర, 22 మంది ఇనుప బల్లల మీద. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న పంచాయితీతోనే మీ పీరియడ్ అయిపోతుంది. పైగా ఆ 22 మందిలో మీరు చెప్పిన పన్నెండు మందీ ఉంటారు, రాసిపెట్టుకోండి.

గుండ్రటి టేబుల్ చుట్టూ ఆరుగురిని కూర్చోబెట్టినంత మాత్రాన వాళ్ళు జట్టు అయిపోరు. ముప్పై రెండేళ్ళు ఇంగ్లిష్ చెప్పాను. అందులో కనీసం పదేళ్ళు నేనూ ఈ భ్రమలోనే ఉన్నాను. ఆరుగురిలో ఇద్దరు పని చేస్తారు, ఒకడు వాళ్ళని చూసి రాసుకుంటాడు, ముగ్గురు కబుర్లు చెప్పుకుంటారు. దూరం నుంచి చూస్తే మాత్రం అద్భుతంగా ఉంటుంది, ఫొటోకి బాగా వస్తుంది. పిల్లలు నిజంగా తలలు దగ్గర పెట్టేది ఎప్పుడంటే, ముగ్గురికీ కావలసిన వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు. మీ 60,000 అలా జట్టుకి ఒక్కటిగా ఇచ్చే వస్తువుల మీద పెట్టండి. అప్పుడు ఇంకా మిగులుతుంది కూడా.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి ఎనిమిదో తరగతికి ఆజ్ఞార్థక వాక్యాలు చెప్పాలి. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఇళ్ళలో దొరికే ఇంగ్లిష్ అట్టలు, కవర్లు తెమ్మన్నాను. బిస్కెట్ ప్యాకెట్లు, టూత్‌పేస్ట్ డబ్బాలు, మోటారు పంపు కాగితం, ఇలా ఓ సంచెడు పోగయ్యాయి. ముగ్గురికి ఒక్కటి చొప్పున ఇచ్చి, 'ఈ వస్తువుని ఏం చేయమంటున్నాడో వెతికి పలక మీద రాయండి' అన్నాను. ఒక జట్టుకి ఓఆర్ఎస్ ప్యాకెట్ వచ్చింది. చదవడం వచ్చిన కుర్రాడు 'డిస్... డిస్సోల్...' అని ఆగిపోయాడు. పక్కవాడు 'సైన్స్ సారు చెప్పింది కదరా, డిజాల్వ్' అన్నాడు. అర్థం మాత్రం ఇద్దరికీ తెలియదు. మూడో అమ్మాయి జూన్ నుంచి నా క్లాసులో నోరు తెరవని పిల్ల. వాళ్ళమ్మ ఆశా కార్యకర్త. 'కరిగించడం. లీటరు నీళ్ళలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, సగం సగం కలపకూడదు' అంది. అంతే, ఆ ఇద్దరూ సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టేశారు. ముగ్గురికీ తలొక ప్యాకెట్ ఇచ్చి ఉంటే ఈ మాట బయటికి వచ్చేది కాదు. చదవడం వచ్చినవాడు చదివేవాడు, రాని పిల్ల ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి కింద పెట్టేది.

ఇక మీ గది సంగతి. మీ ఉత్తరం చదివాక కాగితం మీద గీసి చూశాను. మీ డెస్కులు అన్ని బడుల్లోనూ కనిపించే రకమే అయితే నాలుగడుగుల పొడవు, సీటుతో కలిపి మూడడుగుల లోతు ఉంటాయి. ఎందుకైనా మంచిది, టేపు పెట్టి కొలవండి. రెండేసి డెస్కులు రాతపలకలు ఆనుకునేలా ఎదురెదురుగా పెడితే నాలుగడుగులకి ఆరడుగుల బల్ల తయారవుతుంది. అలాంటివి ఎనిమిది. షాపువాళ్ళు 1,35,000కి ఇస్తానన్నది కూడా ఎనిమిదే కదా.

అయితే చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఒక డెస్కు బోర్డు వైపు, దాని ఎదుటి డెస్కు బోర్డుకి వీపు పెట్టి వేస్తారు. సగం క్లాసు వీపులు చూస్తూ మనం పాఠం చెప్పాలి, సగం మంది మెడలు తిప్పుకుని నొప్పులు తెచ్చుకోవాలి. మీరు ఈ జంటల్ని అడ్డంగా తిప్పండి. పిల్లలందరూ పక్కగోడల వైపు చూస్తూ ఎదురుబొదురుగా కూర్చుంటారు. బోర్డు అందరికీ పక్కనే ఉంటుంది, కొందరికి ఎడమ వైపు, కొందరికి కుడి వైపు. వీపు ఎవరిదీ కాదు. వెడల్పులో రెండు జంటలు పన్నెండు అడుగులు తీసుకుంటాయి. మిగిలిన ఆరడుగుల్లో మధ్యదారికి మూడు, రెండు గోడల పక్కన ఒకటిన్నర చొప్పున వదలండి. పొడవులో నాలుగు జంటలకి పదహారు అడుగులు. ముందు మీకు ఐదడుగులు, జంటకీ జంటకీ మధ్య అరడుగు, వెనక గోడ దగ్గర అడుగున్నర. సరిగ్గా 24కి సరిపోతుంది. ఇరుకే, కాదనను. కానీ 46 మందికి 432 చదరపు అడుగుల్లో ఇరుకు లేని ఏర్పాటు ఎవరూ చేయలేరు, ఆ ఒంగోలు షాపువాళ్ళు కూడా.

ఈ ఏర్పాటులో బోర్డు చూసి పేజీలు పేజీలు రాయించడం కుదరదు. అది లోపమని మీకు అనిపించొచ్చు, నాకు మాత్రం లాభంగానే కనిపించింది. చూపు తక్కువ ఉన్న పిల్లల్ని మొదటి జంటలో బోర్డుకి దగ్గర కొసన కూర్చోబెట్టండి. ఎడమచేతివాటం పిల్లలుంటే వాళ్ళకి బల్ల ఎడమ కొస ఇవ్వండి. లేకపోతే పక్కవాడి మోచేతితో రోజూ యుద్ధమే.

బల్లకి ఆరుగురు కూర్చున్నా జట్టు మాత్రం ముగ్గురే. ఒక డెస్కు ఒక జట్టు. మీ 46 మందికి ముగ్గురి జట్లు పద్నాలుగు, నలుగురి జట్టు ఒకటి. తొమ్మిదో తరగతికి ముగ్గురివి పదమూడు, ఇద్దరిది ఒకటి. మన ఊళ్ళలో ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని, మగపిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోమంటే మొదటి నెలంతా సిగ్గులతో, నవ్వులతోనే గడిచిపోతుంది. ఈ ఎదురుబొదురు బల్ల అక్కడ పనికొస్తుంది. ఒక వైపు అమ్మాయిల జట్టు, ఎదుటి వైపు అబ్బాయిల జట్టు. ముందు ఎవరి జట్టులో వాళ్ళు తేల్చుకుంటారు, ఆ తర్వాత బల్ల మీదుగా ఒకరినొకరు ఇంగ్లిష్‌లో ప్రశ్నలు అడుగుతారు. సంక్రాంతి సెలవులయ్యేసరికి మీరు చెప్పకుండానే కలిసిపోతారు.

డెస్కు కాళ్ళకి రబ్బరు బూట్లు వేయించండి. పదహారు డెస్కులకి 64 కాళ్ళు. హార్డ్‌వేర్ షాపుల్లో చేతికర్ర అడుగున తొడిగే రబ్బరు ముక్కలు దొరుకుతాయి. కాలు నలుచదరంగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క బిగించినా చాలు. ఇనుము నేల మీద గీసుకుంటే వచ్చే ఆ కీచుమనే చప్పుడుకి పక్క గది లెక్కల మాస్టారు రెండో రోజే మీ గుమ్మంలో నిలబడతారు.

తరువాతది గోడలు. మీరు అడగలేదు గానీ నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపారు. రకరకాల వయసుల, స్థాయిల పిల్లలు ఒకే గదిలో ఉంటే ఏం చేయాలన్న ప్రశ్నకి అక్కడ వచ్చిన జవాబు ఇది: పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు, ఆ కార్డుల వరసని నిచ్చెనలా గోడకి పెట్టారు, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ముందుకు నడిచేలా చూశారు. కొన్ని జట్లు టీచర్‌తో, కొన్ని తోటిపిల్లల సాయంతో, కొన్ని సొంతంగా పని చేస్తాయి. ఈ పద్ధతినే 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి, 2007 తర్వాత తమిళనాడు ప్రాథమిక బడులన్నిటికీ వెళ్ళింది. ఆ గదుల్లో నాకు బాగా నచ్చింది కార్డులు కూడా కాదు, గోడల కింది భాగమంతా పిల్లల చేతికందే ఎత్తులో నల్లబోర్డు చేసి, పిల్లలకి పంచి ఇచ్చేయడం. టీచర్ మధ్యలో నిలబడి చుట్టూ ఒక్కసారి చూస్తే ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిసిపోతుంది. నోటుపుస్తకాల్లో అయితే ఆ సంగతి తెలిసేసరికి వారం గడుస్తుంది.

మీ పిల్లలు పెద్దవాళ్ళు కాబట్టి నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో మొదలుపెట్టి ఐదున్నర దాకా నల్లరంగు వేయించండి. పసుపు గీతలతో నాలుగేసి అడుగుల గళ్ళు చేయించి అంకెలు వేయండి. కిటికీలు, గుమ్మం పోను ఎన్ని గళ్ళు వస్తే అన్ని. ఎనిమిది వస్తే బల్లకి ఒకటి. ఆరే వస్తే ఆరుతోనే నెట్టుకొస్తారు. గోడ చెమ్మ పట్టి ఉప్పు పొంగుతుంటే మాత్రం ముందు ఆ భాగం చెక్కించి ప్లాస్టరింగ్ చేయించాలి. లేదంటే మొదటి వానాకాలానికే రంగు పెచ్చులూడుతుంది.

బల్ల మీదకి పలకలు. మార్కాపురం పక్కనే ఉంటూ షాపువాడి కొటేషన్లో 'మినీ వైట్ బోర్డులు' అని కూడా రాయించుకున్నారు చూశారా, అది చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. దేశమంతా పలకలు పంపిన ఊరు మీది. రాతి పలకకి మార్కర్ పెన్ను అక్కర్లేదు, ఎండిపోయేదేమీ లేదు, పలకబలపం లేకపోతే సుద్దముక్క చాలు. డెస్కుకి ఒక్కటి చొప్పున పదహారు, పగిలేవాటికి ఇంకో నాలుగు తెప్పించండి. కాస్త పెద్ద సైజువి, చెక్క ఫ్రేమువి. ప్రశ్న అడుగుతారు, ముగ్గురూ మాట్లాడుకుంటారు, ఒకరు రాస్తారు, మీరు చెయ్యెత్తగానే పదిహేను పలకలు పైకి లేస్తాయి. రాసే పిల్ల మాత్రం రోజుకొకరు మారాలి. చక్కటి దస్తూరి ఉన్న పిల్లకే బలపం ఇచ్చే జబ్బు అన్ని జట్లకీ ఉంటుంది.

పిల్లలు జట్లలో తెలుగులో మాట్లాడుకుంటారని కంగారు పడకండి. మాట్లాడుకోనివ్వండి. పలక మీదకి, నోటితో అందరి ముందుకి వచ్చేది ఇంగ్లిష్ అయితే చాలు. 'కరిగించడం' అన్న ఆ పిల్లని 'ఓన్లీ ఇంగ్లిష్' అని ఆపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అయితే ప్రతి బల్ల మీదా ఐదారు వాక్యాల అట్ట ఒకటి అతికించండి. 'ఐ థింక్ సో', 'వాట్ డూ యూ థింక్?', 'కెన్ యూ సే దట్ అగైన్?', 'ఇట్స్ యువర్ టర్న్'. మొదట వెక్కిరింతగా అంటారు, తర్వాత అలవాటుగా అంటారు.

చదివించడానికి మెటీరియల్. జిగ్సా పద్ధతి గురించి ట్రైనింగుల్లో వినే ఉంటారు. 1971లో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల పిల్లల్ని అప్పుడే ఒకే బడుల్లో కలిపారు. గదుల్లో ఒకటే కొట్లాటలు. ఇలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజిస్టు ఒక పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. తన ముక్క తాను చదివి మిగతావాళ్ళకి చెప్పాలి, వాళ్ళ ముక్క వాళ్ళ నోట వినాలి. పక్కవాణ్ణి వెక్కిరిస్తే వాడి దగ్గరున్న ముక్క తనకి అందదు. మీ పన్నెండు మందికి ఇంతకన్నా మంచి మందు నేను చూడలేదు. వాళ్ళకి చిన్న ముక్క, పెద్ద అక్షరాల్లో, వీలైతే బొమ్మతో ఇవ్వండి. కానీ కథ తేలాలంటే ఆ ముక్క తప్పనిసరి అయ్యేలా చూడండి. దొంగ ఎవరో ఆ ముక్కలోనే ఉండాలి.

కథల కోసం డబ్బు పెట్టి సెట్లు కొనక్కర్లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో ఇంటర్నెట్‌లో స్టోరీవీవర్ అనే వేదిక పెట్టారు. అందులో కథలు నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. అందరికీ తెరిచి ఉన్న లైసెన్సు, కాబట్టి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. మొదటి రెండు స్థాయిల కథలు ఓ ముప్పై, పై స్థాయివి ఓ ఇరవై కలర్ ప్రింట్ తీయించి లామినేషన్ చేయించండి. వెనక ఒక మూల స్థాయిని బట్టి చిన్న రంగు చుక్క పెట్టుకోండి. అంకె వేయకండి. 'నువ్వు ఒకటో నంబరు కథ చదువుతున్నావా' అని ఎనిమిదో తరగతి పిల్లాడిని ఎవరైనా అంటే, వాడు ఇక ఆ కార్డు ముట్టుకోడు.

ఇంక వినడం. పెద్ద లాంగ్వేజ్ ల్యాబ్ అక్కర్లేదు. పాత విద్యార్థుల్ని డబ్బుతో పాటు ఇంట్లో పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోన్లు, సిమ్ తీసేసి, ఓ ఐదారు అడగండి. ఒక ఫోన్ నుంచి మూడు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే స్ప్లిటర్ అని ఒకటి దొరుకుతుంది, చవకే. ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం ఉన్న ఫోన్లే తీసుకోండి. ముగ్గురూ ఒకే ఆడియో వింటారు, ఒకడు 'ఆపు, మళ్ళీ పెట్టు' అంటాడు. ఆ 'మళ్ళీ పెట్టు' అనే మాట కోసమే ఇదంతా. మీరు స్పీకర్లో పెట్టి 46 మందికి ఒకేసారి వినిపిస్తే ఆ మాట అనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇయర్‌ఫోన్లు ఏడాదిలో సగం పోతాయి. పోనివ్వండి, మళ్ళీ కొనండి.

బల్లకి ఒక ప్లాస్టిక్ ట్రే, కూరగాయల బండ్ల మీద ఉంటాయే అవే. అందులో రెండు పలకలు, సుద్దలు, తుడవడానికి పాత లుంగీ గుడ్డ, ఒక కత్తెర, ఒక గమ్ము, ఒక ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ. పలకలు, సుద్దలు తప్ప అన్నీ ఒక్కొక్కటే. కత్తెర ఒక్కటే ఉంటే 'గివ్ మీ ద సిజర్స్' అనే వాక్యం నేర్పాల్సిన పని ఉండదు.

మీ కుర్చీ, బల్ల స్టాఫ్‌రూముకి పంపేయండి. ముందున్న ఐదడుగుల్లో అవే సగం మింగేస్తాయి. మీకు కావలసింది ఒక ప్లాస్టిక్ స్టూలు. అది పట్టుకుని ఏ జట్టు దగ్గరికి వెళ్తే ఆ జట్టు పక్కన కూర్చోవాలి, పిల్లల కళ్ళ ఎత్తులో. నేను బల్ల తీయించినప్పుడు మా హెచ్ఎం గారు పాపం నిజంగానే దిగులుపడ్డారు, 'ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ?' అని. తర్వాత వచ్చినాయన పిల్లల బెంచీ చివర కూర్చుని ఒక జట్టు కథ మొత్తం విని వెళ్ళారు.

వరండా ఉంటే ఒక జంపఖానా కొనండి. వారంలో రెండు రోజులు, ఇరవై నిమిషాలు, ఆ పన్నెండు మందిలో ఆరుగురిని మీరు వరండాలో కూర్చోబెట్టుకుని అక్షరాల దగ్గర నుంచి చదివించండి. మిగతావాళ్ళు లోపల కార్డులతో పని చేస్తారు. గుమ్మం దగ్గర కూర్చుంటే రెండు వైపులా చూపు ఆనుతుంది. మిగిలిన సమయమంతా కలగలుపు జట్లే. స్థాయిని బట్టి విడగొట్టడం ఇరవై నిమిషాలు దాటితే బడిలో దానికో పేరు పడుతుంది. 'మొద్దు బ్యాచ్' అని పిల్లలే పెడతారు, మనం కాదు.

ఖర్చు ఉజ్జాయింపుగా: గోడలు, మేస్త్రీ కూలీ కలిపి ఎనిమిది వేలు. పలకలు, ట్రేలు, డిక్షనరీలు, చిల్లర సామాను ఆరేడు వేలు. ప్రింట్లు, లామినేషన్ ఆరు వేలు. చిన్న స్పీకర్, స్ప్లిటర్లు, ఇయర్‌ఫోన్లు నాలుగు వేలు. పాత కంప్యూటర్ గది అన్నారు కాబట్టి కిటికీలు మూసేసి ఉంటారు. వాటిని తెరిపించి, ఫ్యాన్లు, ట్యూబులైట్లు చూసుకోవడానికి పది వేలు పక్కన పెట్టండి. మార్చి ఎండల్లో 46 మంది ఎదురెదురుగా కూర్చోవాలంటే ఫ్యాను కూడా బోధనోపకరణమే. జంపఖానా, రబ్బరు బూట్లు, రవాణా కలిపి ఇంకో మూడు వేలు. ఎలా లెక్కేసినా 40,000 దాటదు. మిగిలిన 20,000 ఈ ఏడాది ముట్టుకోకండి. పోయినవి, పగిలినవి వచ్చే జూన్‌లో మళ్ళీ కొనాలి కదా. ఆ తర్వాతి ఏళ్ళకి, ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకి వచ్చే కాంపోజిట్ గ్రాంట్‌లో వాటా అడగండి. 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి ఏటా 75,000 అని నిబంధన, అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకి పోవాలి. సుద్దలకి, ప్రింట్లకి మూడు నాలుగు వేలు అడిగితే హెచ్ఎం గారు కాదనరు.

ఇప్పుడు కాస్త చేదు మాట. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల్లో మొదలై 1990ల దాకా నడిచిన ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, గుర్తుందా? మీ వయసుకి గుర్తుండదేమో, డీఈడీ గైడులో ఆరు సూత్రాలుగా చదివి ఉంటారు. వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పని అందులో ఒక సూత్రం. పిల్లల పనిని గోడలకి ప్రదర్శించి గదిని ఆకట్టుకునేలా ఉంచడం ఇంకొకటి. నేనూ అప్పట్లో గదికి అడ్డంగా తాళ్ళు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసినవాణ్ణే. సామాను కూడా వచ్చింది. మేం ఏం చేశామో తెలుసా? పోతే మన జీతంలోంచి కట్టాల్సి వస్తుందని పెట్టెలో పెట్టి తాళం వేశాం. స్టాక్ రిజిస్టర్లో అన్నీ భద్రంగా ఉన్నాయి. తాళ్ళకి బూజు పట్టింది.

కాబట్టి ఏదైనా కొనకముందే హెచ్ఎం గారితో మాట్లాడి పలకలు, కార్డులు, ఇయర్‌ఫోన్లు, కత్తెర్లు అన్నీ కన్స్యూమబుల్స్ కింద రాయించండి, అంటే వాడితే అయిపోయే వస్తువులుగా. స్పీకరు, ఫోన్లు, ఫ్యాన్లు మాత్రమే పర్మనెంట్ స్టాక్‌లోకి. బీరువా తాళంచెవి మీ దగ్గర కాకుండా వారానికి ఇద్దరు పిల్లల దగ్గర ఉండాలి. ఏమైనా పోతుందా అంటే పోతుంది. నా ఇరవై కార్డుల్లో ఏడాదికి మూడు పోయేవి. వాటిలో ఒకటి ఓ పిల్లాడి ఇంట్లో దేవుడి పటం పక్కన కనిపించింది. తెచ్చేయమని చెప్పలేకపోయాను.

టైమ్‌టేబుల్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పిల్లలు తమ గది నుంచి ఈ గదికి నడిచి వచ్చి కుదురుకునేసరికి ఐదు నిమిషాలు పోతాయి. 45 నిమిషాల పీరియడ్‌లో అది ఎక్కువ. ఎనిమిదో తరగతికి వారంలో రెండు రోజులు రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని అడగండి. జట్టు పని ఆ రెండు రోజులే. మిగతా రోజుల్లో మామూలుగా అందరికీ కలిపి చెప్పండి. ఉచ్చారణ, కొత్త వ్యాకరణం, పద్యం గట్టిగా చదవడం అందరూ కలిసి చేస్తేనే బాగుంటాయి. రోజూ జట్టు పని పెట్టిన టీచర్లు నాకు తెలిసి దసరా సెలవుల దాకా నిలబడలేదు, నాతో సహా.

మొదటి వారం ఇంగ్లిష్ ఏమీ చెప్పకండి. రావడం, ట్రే తీసుకోవడం, కూర్చోవడం, మీరు చెయ్యెత్తితే మాట ఆపడం, ట్రే సర్ది వెళ్ళడం, ఇవే ప్రాక్టీస్ చేయించండి. నేను గడియారం పెట్టి చూసేవాణ్ణి. మొదటి రోజు పదకొండు నిమిషాలు పట్టింది, రెండు వారాలకి మూడు నిమిషాలైంది. ఆ వారం మాత్రం స్టాఫ్‌రూమ్‌లో మాటలు పడాల్సి వస్తుంది. లెక్కల మాస్టారికి ముందే టీ ఇప్పించి సంగతి చెప్పి ఉంచండి.

పాత విద్యార్థులకి మీ నిర్ణయం ఎలా చెప్పాలన్నది మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. టేబుళ్ళయితే వాటి మీద వాళ్ళ బ్యాచ్ పేరు రాయించుకోవచ్చు, పలకల మీద ఏం రాయిస్తారు? గోడల మీద రాయించండి, ఒక మూల చిన్నగా. ఇంకా మంచిది, ఒక ఆదివారం వాళ్ళనే రమ్మనండి. మేస్త్రీ ప్లాస్టరింగ్ సరిచేసి వెళ్ళాక నల్లరంగు రెండు కోట్లు వాళ్ళే వేయగలరు, మొదటిది ఆరాకే రెండోది. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఎవరినీ రాయనివ్వకండి. కొత్త రంగు మీద సుద్ద జారుతుంది, ఒకవేళ రాసినా గీతలు చెరగకుండా నీడలా ఉండిపోతాయి. సుద్దముక్కని పడుకోబెట్టి గోడంతా తెల్లగా రుద్దించి, పొడిగుడ్డతో తుడిపించేయండి. అప్పుడు పిల్లలకి వదలండి.